నాటకానికి ముందు, కోరుట్ల గల్లీలో

మాఘ మాసం, శనివారం. కోరుట్ల. సాయంత్రం ఆరున్నర. ఉన్నవాళ్లు: నేను, నా భార్య, సిరిసిల్ల నుంచి వచ్చిన మా బిడ్డ, అల్లుడు.

ఆ రోజు డైరీ పేజీ పైన ఇంతవరకే నింపాదిగా రాసి ఉంది. కింద అక్షరాలు వంకరపోయాయి. నీటిపారుదల ఆఫీసులో గుమాస్తాగా చేరిన నాటి నుంచి నాకు ఇది అలవాటు. ముందు ఎవరెవరు ఉన్నారో రాస్తాను, తర్వాత ఎవరేమన్నారో రాస్తాను. మనుషులు రేపు మాట మారుస్తారు. కాగితం మారదు.

ఈ అలవాటు వల్లే మా తమ్ముడికీ నాకూ చెడింది. అమ్మ రెండు నెలలు నా దగ్గర జగిత్యాలలో, రెండు నెలలు వాడి దగ్గర ఊళ్లో ఉండాలని మేం అనుకున్నాం. నేను రాసి పెట్టాను. చివరి ఏడాది వాడు అమ్మను పంపలేదు. నేను రెండుసార్లు తీసుకురావడానికి వెళ్తే, "ఉండనియ్యన్నా, అమ్మ ఈడనే ఉంటనన్నది" అన్నాడు. అమ్మ తల తిప్పుకుంది. ఆమె పేరు మీద అరెకరం పొలం ఉండేది. నాకు అనుమానం రావడానికి అంతకంటే ఏం కావాలి? అమ్మ పోయిన పదకొండో రోజున, చుట్టాలందరి ముందు, ఏయే నెలలు ఎవరి వంతో డైరీ తీసి చదివాను. "నీ పుస్తకంల ఉన్నదే నిజమా అన్నా? అమ్మ నోట్ల ఉన్నది నిజం గాదా?" అన్నాడు వాడు. నీ ఇంట్లో మంచినీళ్లు ముట్టనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. మా వైపు ఆ మాట అంటే ఇక రాకపోకలు బందే. పదకొండేళ్లు నిలబెట్టుకున్నాను.

వాడి కొడుకు దుబాయ్ నుంచి తిరిగొచ్చి కోరుట్లలో హోటల్ పెట్టాడని, అందరూ అక్కడికే మకాం మార్చారని ఎవరో చెప్పారు. హోటల్ పేరు గానీ, ఏ వీధిలో ఉందో గానీ నేను అడగలేదు. మా ఇంట్లో ఆ ఊసు ఎత్తరు.

అందుకే, కోరుట్లలో నాటకం ఉంది, టికెట్లు కొన్నామని అమ్మాయి ఫోన్ చేసినప్పుడే నా చెవులు నిక్కపొడుచుకున్నాయి. పద్యనాటకమంటే నేను కాదనలేను. ఆ సంగతి దానికి తెలుసు. ఆట ఎనిమిదింటికి. చక్కెర జబ్బు వల్ల నేను ఏడున్నరలోపు తినాలి. అంటే కోరుట్లలో ఎక్కడో ఒకచోట తినక తప్పదు. వీళ్లు నన్ను ఏ హోటల్లో కూర్చోబెడతారో, నాకు తెలియకుండానే నా ఒట్టు ఎట్లా తీసి గట్టున పెడతారో చూద్దామనుకుని బయలుదేరాను.

బస్టాండు దగ్గర దిగగానే అమ్మాయి ఎదురుగా ఉన్న రెండంతస్తుల ఏసీ హోటల్ చూపించింది.

"బాపూ, గీ హోటల్ మంచిగుంటది. గిండ్లనే తిందాం."

"నీకెట్ల తెలుసు మంచిగుంటదని?"

"అందరంటరు."

"ఎవలు అందరు?"

అది అల్లుడి వైపు చూసింది. అల్లుడు బోర్డు వైపు చూశాడు. నా భార్య మామూలుగా ఏ హోటల్ పేరు చెప్పినా నూనె మంచిది కాదంటుంది. ఆ రోజు మాత్రం, "పిల్ల చెప్తుంది గదా, నడువుండ్రి" అంది. ముగ్గురిదీ ఒకటే మాట. నలభై ఏళ్ల సంసారంలో ఇంత ఐకమత్యం నేనెప్పుడూ చూడలేదు.

అద్దాల తలుపు అవతల గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషిని తేరిపార చూశాను. గుండ్రటి మొహం, వయసు పాతికపైనే. మా తమ్ముడి కొడుకును చివరిసారి చూసినప్పుడు వాడికి పద్నాలుగేళ్లు. దుబాయ్ తిండితో మొహం గుండ్రబడి ఉండొచ్చు. ఇంతలో అమ్మాయి పక్కకు పోయి ఫోన్‌లో మెల్లగా ఏదో మాట్లాడింది. నాకిక రుజువు అక్కర్లేకపోయింది.

"నేను ఈడ తినను," అన్నాను.

"ఎందుకు మామా? నీటుగున్నది గదా," అన్నాడు అల్లుడు.

"నీటుగున్నదనే తినను."

రోడ్డు దాటి ఎదుటి గల్లీలోకి నడిచాను. అమ్మాయి వెనుక నుంచి దాదాపు పరుగెత్తుకొచ్చింది. "బాపూ, గా గల్లీలకు వద్దు! ఆడ మంచిగుండది. నా మాటిను!" దాని గొంతులో కంగారు చూసి నాకు లోలోపల సంతోషమైంది. పట్టుకున్నాననుకున్నాను.

గల్లీ మలుపులో ఒక చిన్న భోజనాల హోటల్ ఉంది. కింద హోటల్, పైన ఇల్లు. ఆరు బల్లలు. వంట బయటికి కనిపిస్తుంది. నేల కడిగి ఇంకా తడి ఆరలేదు. మాత్ర తినడానికి అరగంట ముందు వేసుకోవాలి కాబట్టి, గుమ్మంలోనే నా సీసాలో మిగిలిన రెండు గుక్కల నీళ్లతో వేసుకున్నాను. టైము ఆరూ యాభై. మేం కూర్చోగానే సన్నగా, గడ్డంతో ఉన్న ఒక కుర్రవాడు వచ్చి నిలబడ్డాడు.

"పప్పు ఎప్పుడు వండిండ్రు?" అడిగాను.

"అయిదింటికండి."

"పొద్దటిది గాదు గదా?"

"పొద్దటిది పొద్దుగాలనే ఒడిసింది."

జవాబు నచ్చింది. జొన్న రొట్టెలు, పుంటికూర పప్పు, పెరుగు చెప్పాను. నా భార్య కొంగు అంచు నలుపుతూ కూర్చుంది. అమ్మాయి తల ఎత్తలేదు. ఓడిపోయారు కదా, మొహాలు అట్లాగే ఉంటాయనుకున్నాను.

కుర్రవాడు నీళ్లు తెచ్చాడు. వాళ్ల ముగ్గురి ముందూ స్టీలు గ్లాసులు పెట్టి జగ్గుతో నింపాడు. నా ముందు గ్లాసు పెట్టలేదు. బయటికి వెళ్లి, సీలు తీయని నీళ్ల సీసా ఒకటి తెచ్చి పెట్టాడు.

"నాకొక్కనికి ఇదెందుకు? నేనడుగలే."

వాడు బల్ల మీదికి చూస్తూ చెప్పాడు. "జగ్గుల నీళ్లు మా ఇంటి బోరువి పెద్ద బాపూ. గీ సీస పక్క దుకాణంల కొనుక్కచ్చిన. ఇది మాది గాదు."

నేను అమ్మాయి వైపు చూశాను.

"గందుకే వద్దంటి గదనే బాపూ," అంది అది. కళ్లలో నీళ్లు. "నేను హోటల్ ఓపెనింగుకు వచ్చిన. నీకు తెలిస్తే తిడుతవని చెప్పలే. గా ఏసీ హోటల్ల తినిపిచ్చి ఇటు దిక్కు రానియ్యద్దనుకున్న. నువ్వే ఉరికొస్తివి."

ఫోన్‌లో మాట్లాడింది వీడితోనేనట. మేం బస్టాండు దగ్గర ఉన్నామని, బయటికి రావద్దని చెప్పడానికి.

అంటే నేను నడిచి వచ్చింది మా తమ్ముడి ఇంటికే. ఎవరూ మోసం చేయలేదు. లేచి వెళ్లిపోదామని చేయి బల్ల మీద ఆనించాను. కానీ మాత్ర కడుపులో పడి పావుగంటైంది. తినకపోతే కళ్లు తిరుగుతాయి.

"మీ బాపు ఏడి?" అని అడిగాను.

"పైన్నే ఉన్నడు. నువ్వు గల్లీల కనవడంగనే మెట్లెక్కి పోయిండు. నన్ను జూస్తే తినకుంట లేస్తడు, తిన్నంక దిగుత అన్నడు."

ఇది మర్యాదా, ఎత్తుపొడుపా అని నేను చాలాసేపు తర్కించుకున్నాను. రొట్టె తుంచుతూ కూడా తర్కించుకున్నాను. సీసా నీళ్లే తాగాను. తినడం అయ్యాక, మెట్ల వైపు చూడకుండా బయటికి వచ్చాను. నా వెనుక పై అంతస్తులో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. నాటకంలో మొదటి వరుసలో కూర్చున్నాను. ఒక్క పద్యమూ చెవికెక్కలేదు.

ఆదివారం. జగిత్యాల. పొద్దున ఆరూ నలభై. గేటు చప్పుడైతే తీశాను. తమ్ముడు. తల పూర్తిగా తెల్లబడింది. మొదటి బస్సుకు వచ్చాడట.

"నిన్న తిన్నవట."

"తిన్న."

"ఎట్లున్నది?"

"పప్పుల ఉప్పు తక్కువైంది."

"వానికి రోజు చెప్తున్న, ఇనడు."

"నిన్ను ఎవలు పంపిండ్రు?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఎవలు పంపుతరు? పంపితే వచ్చేటోన్నైతే పదేండ్ల కిందనే రాకపోదునా?" గేటు బయటే నిలబడి ఉన్నాడు. "లోపటికి రమ్మంటవా, ఇట్లనే పోవాల్నా? ఒట్టు పెట్టుకున్నది నువ్వు, నేను గాదు."

రమ్మన్నాను. చెప్పులు విప్పి వచ్చి కూర్చున్నాడు. నా భార్య ఇచ్చిన చాయ్ తాగి ఇంకో కప్పు అడిగాడు. అప్పుడు నేను పదకొండేళ్లుగా అడగనిది అడిగాను. అమ్మ వాడి దగ్గరే ఎందుకు ఉంటానంది?

వాడు కప్పు కింద పెట్టాడు. "అప్పుడు నువ్వు కిరాయికున్నది మీది అంతస్తు. ముప్పై మెట్లు. ఆమెకు మోకాళ్లు లేస్తలేకుండె. వానికి చెప్తే ఇల్లు మారుస్తడు, పిల్ల పరీక్షలున్నయి, చెప్పద్దని ఒట్టేయించుకున్నది."

"మరి పొలం?"

"ఇప్పటికీ ఆమె పేరు మీదనే ఉన్నది. పోయి ఆఫీసుల చూసుకో."

చూసుకుంటానని అన్నాను. వాడు నవ్వాడు. ఈ మాట నిజమో, పదకొండేళ్లలో కూర్చుకున్నదో నాకింకా తేలలేదు. ఆ మెట్లు ముప్పైయా, ఇరవై ఎనిమిదా అని పాత డైరీ తీయబోయి, తీయలేదు.

"తొమ్మిదింటికి కోరుట్ల బస్సున్నది. మా ఇంటికి వస్తవా?" అన్నాడు.

స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వాడితో బయలుదేరాను.