షమీమ్ మేడమ్ రుచి చూడని పొడి

కుక్కర్ మూత తీయగానే ఉడికిన అలసందల వాసన గుప్పుమంది. ఇంట్లో అందరికీ ఆకలి పుట్టించే వాసన, నాకు మాత్రం ఇప్పటికీ గుండెల్లో దడ. రెండువేల దశకంలో బాపట్లలో ఒక ల్యాబులో ఆ వాసన మధ్యే పనిచేశాను. మా పై అధికారి షమీమ్ మేడమ్‌ది తెనాలి. అలసందల మాంసకృత్తుల్ని మన పొట్టలో అరిగినట్టే గాజు గొట్టాల్లో అరిగించి, మిగిలే చిన్న ముక్కలు, అంటే పెప్టైడ్లు, వాపును తగ్గిస్తాయేమో చూసేవాళ్లం. మేడమ్‌కే కీళ్లవాతం. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి, సీసా మూత తిప్పలేక నావైపు చూసేవారు.

ఒకసారి గాజు గిన్నెలో పెంచిన వాపెక్కిన కణాల మీద, ఆ ముక్కల్ని ఎండబెట్టి చేసిన మా పొడి పనిచేసింది. ఆ కబురు ఎలాగో పేపరుకెక్కింది, కీళ్లవాతానికి అలసందలే మందని. రేపల్లెలో మా అమ్మదీ అదే జబ్బు. పప్పులు వాతం చేస్తాయని గింజ ముట్టని మనిషి, పేపరు చూసి మాత్రలే మానేసింది. నేను ఇంటికి వెళ్లేసరికి మణికట్లు ఉబ్బి, అన్నం కలుపుకోలేకపోతోంది. "ఆ మాత్రలకి కడుపు మండిపోతోందే. మీ పొడి కాస్త పట్రా" అంది. వద్దంటే వినే రకం కాదు. ఆ చేతులు ఇక అలాగే ఉండిపోతాయేమోనని నాకు బెంగ పట్టుకుంది.

"మేడమ్, అమ్మకి కాస్త ఇద్దామా? హాని ఏం ఉండదు కదండీ" అన్నాను మర్నాడు.

"నీకు తెలుసా?"

తెలీదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"నాకూ తెలీదమ్మా. గిన్నెలో కణాలకి పొట్ట లేదు, నెత్తురు లేదు. మీ అమ్మకి ఉన్నాయి. నాకు భయంగా ఉంది."

అంత చదువుకున్న మనిషి భయమని చెప్పడం అదే మొదటిసారి వినడం. ఆ ఆదివారం తెనాలిలో రైలు మారి, నాతోపాటు రేపల్లె వచ్చారు.

"మీరు ఆ పొడే వాడుతున్నారా అమ్మా?" అడిగింది అమ్మ, ఆవిడదీ అదే జబ్బని తెలిసి.

మేడమ్ సంచిలోంచి మాత్రలు తీసి చూపించారు. "లేదక్కా, ఇవే. నాకూ కడుపు మండితే డాక్టరుగారితో చెప్పి మార్పించుకున్నాను. మీరూ అడగండి, మానకండి."

"మరి అలసందలు?"

"శుభ్రంగా గుగ్గిళ్లు చేసుకు తినండి. తిండిగా తినండి, మందుగా కాదు."

మంచినీళ్ల గ్లాసు రెండు చేతులతో ఎత్తుకుంటున్న ఆవిడ వేళ్లకేసి అమ్మ చాలాసేపు చూసింది. ఆ రాత్రే మాత్ర వేసుకుంది.

తిరుగు రైల్లో ఉండబట్టలేక అడిగాను. "మీకెప్పుడూ వాడాలనిపించలేదా మేడమ్?"

"రోజూ అనిపిస్తుంది" అన్నారు.

అమ్మ చేతులు నిలబడ్డాయి. మేడమ్ వేళ్లు ఏ మందుకీ లొంగక చివరికి వంకరపోయాయి. పొడి డబ్బా ఎప్పుడూ ఆవిడ బల్ల మీదే ఉండేది. ఇప్పుడు నా ల్యాబులో మంచి ఫలితం వస్తే, సంతోషం కంటే ముందు భయమే వస్తుంది. ధైర్యం చెప్పినవాళ్లు నాకు చాలామంది ఉన్నారు. భయపడడం నేర్పింది ఆవిడొక్కరే.