మరిది ఎంచిన రైఫిల్

రైఫిల్ కావలసింది నాకు. ఏ కంపెనీది కొనాలో తేల్చింది మాత్రం మా మరిది, ఆయన స్నేహితులు, వాళ్ళ ఫోన్లలో పగలంతా టింగుమంటూ ఉండే ఒక గ్రూపు.

మరిది అంటే మా చెల్లెలి భర్త. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. డాలస్‌కు గంట దూరంలో ఆయన పదెకరాలు కొన్నాడు. ఇక్కడ ఏదో ఒక సాగు చూపిస్తే భూమి పన్ను బాగా తగ్గుతుంది. అందుకే ఈ చుట్టుపక్కల మనవాళ్ళు కొన్న చాలా పొలాల్లో ఎవరివో ఆవులు మేస్తుంటాయి. నా భర్త పోయాక చెల్లెలు నన్ను ఇక్కడికి పిలిపించుకుంది. ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఆ పొలంలో ఒక మూల గోంగూర వేస్తానన్నాను. మరిది నవ్వి సరేనన్నాడు. గోంగూర ఏపుగా వచ్చింది. ఇండియన్ స్టోర్లవాళ్ళు వచ్చి కట్టలు పట్టుకెళ్ళడం మొదలైంది. ఆ తర్వాత బెండ, సొర, చిక్కుడు వేశాను. నాకు పిల్లలు లేరు. ఈ దేశంలో నాదని చెప్పుకోగలిగిన పని అదొక్కటే.

అడవి పందులు వచ్చేవి. ఈ కూరల జోలికి పెద్దగా పోలేదు కాబట్టి సర్దుకుపోయాను. శెనక్కాయ వేద్దామనుకున్న ఏడు మాత్రం సర్దుకుపోతే కుదరదని తెలుసు. అనంతపురం పక్క పుట్టినదాన్ని, శెనక్కాయ ఊరే వేళకు పందులు ఏం చేస్తాయో చిన్నప్పుడే చూశాను. మా నాన్న నాటు తుపాకి పట్టుకుని చేనుకు కాపలా ఉండేవాడు.

“ఈసారి శెనక్కాయ సక్సెస్ అయితే పొలం మొత్తం మీ ఇష్టం వదినా,” అన్నాడు మరిది. “లేదంటే ఆవులాయన అడుగుతున్నాడు, లీజుకి ఇచ్చేద్దాం. మనకి పన్ను ఎలాగైనా తగ్గుతుంది.”

అందుకని రైఫిల్ కావాలనుకున్నాను. నాకు చదువు నలభై దాటాక వచ్చింది. తెలుగు అక్షరాలు చెల్లెలి కూతురి వారాంతపు తెలుగు బడి పుస్తకాల్లో, ఇంగ్లీషు అక్షరాలు లైబ్రరీలో పెద్దవాళ్ళకు పెట్టే క్లాసులో నేర్చుకున్నాను. వేట నేర్పే క్లాసువాళ్ళు ఇచ్చిన పుస్తకమే నేను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన మొదటి ఇంగ్లీషు పుస్తకం. పరీక్ష పాసయ్యాను. చెల్లెల్ని తీసుకుని తుపాకుల షాపుకు వెళ్ళాను.

నాకు కావలసింది బోల్ట్ రైఫిల్. ఒకసారి కాల్చాక, పక్కనున్న పిడిని పైకి లేపి, వెనక్కి లాగి, మళ్ళీ ముందుకు తోస్తేనే రెండో తూటా ఎక్కుతుంది. దాదాపు అన్ని కంపెనీలూ ఆ పిడిని కుడివైపే పెడతాయి. నాది పుర్రచెయ్యి. చిన్నప్పుడు వీపు మీద పడిన దెబ్బల వల్ల అన్నం కుడిచేత్తో తినడం వచ్చింది గానీ, కొడవలి ఎడమచేత్తోనే పట్టాను. పైగా పొట్టిదాన్ని. షాపతను ఇచ్చిన ప్రతి రైఫిలూ నా చేతికి పొడవే. చివరికి ఒకటి తెచ్చిచ్చాడు. పెద్ద పేరున్న కంపెనీ కాదు. భుజానికి ఆనే మడమ నల్ల ప్లాస్టిక్‌ది, చూడ్డానికి మోటుగా ఉంది. పిడి ఎడమవైపు. మడమ చివరనుండే పలకలు తీసేస్తే పొడవు తగ్గుతుంది. అతను తీసిచ్చాడు. భుజానికి ఆన్చగానే పైన బిగించిన దుర్భిణిలోంచి అవతలి గోడమీది గడియారం నిండుగా కనిపించింది. ఎందుకో నాకు కొడవలి పట్టుకున్నట్టే ఉంది.

ఇంటికొచ్చి పేరు చెప్పాను.

“అదా!” అన్నాడు మరిది. “అది బిగినర్స్ బ్రాండ్ వదినా. మనవాళ్ళు చూస్తే నవ్వుతారు.”

“పందులు నవ్వవు కదా నాయనా.”

చెల్లెలు పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. “వన్ వీక్ ఇవ్వండి. నేను రీసెర్చ్ చేస్తాను,” అన్నాడు.

ఆ వారం వేసవంతా సాగింది. శనివారాలు పెరట్లో గ్రిల్ వెలిగించి, చుట్టూ కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. ఒకతను పాత అమెరికన్ కంపెనీ వైపు. వాళ్ళ ఆఫీసు డైరెక్టర్ తాతల కాలం నుంచీ అదే వాడుతున్నాడట. ఇంకొకతను యూరప్ కంపెనీ వైపు. “బోల్ట్ స్మూత్‌నెస్‌లో దాన్ని కొట్టేది లేదు బ్రో,” అనేవాడు. వాళ్ళలో ఒక్కడూ రైఫిల్ కాల్చి ఎరగడు. కారు కొనేటప్పుడు ఎలా మాట్లాడుకుంటారో అలాగే మాట్లాడుకునేవాళ్ళు. వెయ్యి గజాల దూరంలో ఏది గురి తప్పదో వాదించుకునేవాళ్ళు. నేను పందిని కాల్చబోయేది చిక్కుడు పందిరి పక్కనుంచి. ఆ సంగతి చెబితే, “ఫ్యూచర్ ప్రూఫ్‌గా ఉండాలి కదా ఆంటీ,” అన్నాడొకడు. మీ చెయ్యి ఎంత పొడవు అని ఒక్కరూ అడగలేదు.

“నాయనా, ఏ కంపెనీదైనా సరే, పిడి ఎడమవైపుండేది చూడు,” అన్నాను ఒకరోజు.

“లెఫ్ట్ హ్యాండ్ అయితే రీసేల్ ఉండదు వదినా. రేపు నేను షూట్ చేయాలన్నా కుదరదు. మీరు రైట్‌తో ప్రాక్టీస్ చేయండి, అదే అలవాటైపోతుంది.”

“అయితే నా డబ్బులతో నేనే కొనుక్కుంటాలే.”

ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. “మన మధ్య డబ్బుల మాటేంటి వదినా? పరాయివాళ్ళలాగా!”

ఆ ఒక్క మాటతో కొనుక్కునే ఆలోచన మానుకున్నాను. తర్వాత చెల్లెలు నా గదిలోకి వచ్చి, “అన్నం కుడిచేత్తో తినడం నేర్చుకోలేదా అక్కా? ఇదీ అంతే,” అంది.

చివరికి యూరప్ కంపెనీది వచ్చింది. వాల్‌నట్ కర్ర మడమ, నీలి మెరుపున్న గొట్టం. అందమైనదే, కాదనను. భుజానికి ఆన్చి చూస్తే దుర్భిణిలో చుట్టూ నలుపు, మధ్యలో బఠాణీ గింజంత వెలుతురు. కన్ను దగ్గరికి తేవాలంటే మెడ ముందుకు సాచాలి. కుడి భుజానికి మార్చి చూశాను. ఎడమ కన్ను మూసుకుంటే కుడి కంటికి అంతా మసకే. మరిది ఫోటోలు తీస్తున్నాడు. “సూపర్ వదినా! అలాగే ఉండండి,” అన్నాడు.

దసరా వచ్చింది. ఈ దేశంలో పండగలు తిథికి కాదు, శని ఆదివారాలకు వస్తాయి. మహర్నవమి వారం మధ్యలో పడిందని ఆయుధ పూజ ముందు శనివారమే కానిచ్చారు. రెండు కార్లు, గడ్డి కోసే మిషను, ల్యాప్‌టాప్‌లు, వీటన్నిటి మధ్యా హాల్లో పీట మీద రైఫిల్. గంధం, కుంకుమ, చామంతి పూలు. పూజలో పెట్టిన పనిముట్టును ఉద్వాసన చెప్పేదాకా ముట్టుకోకూడదు. మా ఊళ్ళోనూ అదే ఆచారం. నాన్న కొడవళ్ళు, పార పూజలో పెడితే మేము దశమి దాకా వాటి జోలికి పోయేవాళ్ళం కాదు. కాకపోతే అక్కడ దశమి దశమి నాడే వచ్చేది.

సోమవారం పొద్దున పొలానికి వెళ్ళేసరికి రెండు సాళ్ళు నాగలి పెట్టి దున్నినట్టున్నాయి. పీకేసిన చెట్లకు కాయ ఒక్కటి లేదు. వెంటనే చెల్లెలికి ఫోన్ చేశాను.

“తుపాకి కావాలే.”

“పూజలోది ఎట్లా కదిలిస్తాం అక్కా? ఉద్వాసన శనివారం కదా.”

“దశమి గురువారమే కదే?”

“గురువారం అందరికీ ఆఫీసు. శనివారం ఈయన ఫ్రెండ్స్ వస్తున్నారు, అప్పుడే తీద్దామన్నాడు.”

ఇంటికెళ్ళి మరిదినే అడిగాను. మీటింగులో ఉన్నాడు. చెవిలోది ఒకటి తీసి, “సెంటిమెంట్ వదినా, ప్లీజ్. ఒక్క వారంలో పందులు ఎంత తింటాయి చెప్పండి?” అన్నాడు.

ఎంత తింటాయో ఆ వారం చూశాను. రేకు డబ్బాలు కట్టాను. రేడియో పెట్టాను. పాత చీరలు కట్టెలకు చుట్టి నిలబెట్టాను. వాటికి ఏదీ లెక్కలోకి రాలేదు. రోజూ పొద్దున వెళ్ళి, ఆ రోజు పోయిన సాళ్ళలో కూర్చుని, మట్టిలో మిగిలిన కాయ ఏరుకునేదాన్ని. పొలం ఎవరికి పోబోతోందో ఆ కూర్చోవడంలోనే తెలిసిపోయింది.

శనివారం ఉద్వాసన అయింది. స్నేహితులు ఒకరి తర్వాత ఒకరు రైఫిల్ చేతిలోకి తీసుకుని పిడి వెనక్కీ ముందుకూ లాగి చూశారు. భోజనాలయ్యేసరికి సాయంత్రం దాటింది. ఆదివారం తెల్లవారుతుండగా నేను చిక్కుడు పందిరి వెనక కూర్చున్నాను. పందులు వచ్చాయి. పెద్దది ముందు, పిల్లలు వెనక. చేనులో మిగిలిన ముక్క వైపే వచ్చాయి. ఎడమ భుజానికి ఆన్చి, మెడ సాచి, ఆ బఠాణీ గింజంత వెలుతురులో పెద్దదాన్ని వెతుక్కున్నాను. కాల్చాను. తూటా దాని కాళ్ళ ముందు మట్టిలో దిగింది. అది పారిపోలేదు, తలెత్తి చూసింది. రెండో తూటా వేయడానికి అంతకన్నా మంచి అదను రాదు. నేను ట్రిగ్గర్ మీది ఎడమచెయ్యి తీసి, రైఫిల్ పైనుంచి అవతలి వైపుకు చాచి, పిడిని వెతికి పట్టుకునేసరికి మడమ భుజం మీంచి జారిపోయింది. మళ్ళీ ఎత్తి చూస్తే ఎదురుగా ఖాళీ చేను.

అవి మళ్ళీ వచ్చాయి. నేను మళ్ళీ కాల్చాను. చెప్పుకోవడానికి అందులో వేరే ఏమీ లేదు. కోతకు మిగిలింది ఒక గంపకు సరిపోయింది.

“బ్యాడ్ లక్ వదినా,” అన్నాడు మరిది, నిజంగానే జాలిపడుతూ. “ఈ వయసులో మీకెందుకీ శ్రమ?”

నెల తిరక్కుండానే ఆవులు వచ్చాయి. వాటికి కంచె వేయాలని చిక్కుడు పందిరి తీసేశారు. గోంగూరను ఆవులే తినేశాయి. నేనిప్పుడు నా గోంగూర కొన్న స్టోర్లలోనే ఒకదాని వెనక వంటగదిలో పులిహోర డబ్బాల్లో సర్దుతున్నాను.

మొన్న ఇంట్లో పార్టీ జరిగింది. రైఫిల్‌ను హాల్లో చలికి మంట వేసుకునే నిప్పుగూడు పైన గోడకు బిగించారు. కొత్తగా ఈ ఊరికి మారిన ఒకబ్బాయి దాని ముందు నిలబడి వివరాలు అడుగుతున్నాడు.

“బ్రాండ్ విషయంలో తొందరపడకు,” అంటున్నాడు మరిది. “నేను సమ్మర్ మొత్తం రీసెర్చ్ చేశాను.”

“యూజ్ చేశారా అన్నా?”

“మా వదిన ట్రై చేశారు. ఆవిడకి సెట్ అవ్వలేదు.”

నేను పకోడీల పళ్ళెం పట్టుకుని అక్కడే ఉన్నాను. ఆ అబ్బాయి నావైపు తిరిగి, “ఆంటీ, మీరా! గ్రేట్. ఎలా ఉంది ఆంటీ ఇది?” అన్నాడు.

“గోడకి బాగా కుదిరింది బాబూ,” అన్నాను.

అందరూ నవ్వారు. మరిది కూడా నవ్వాడు. వంటగదిలోకి వెళ్ళగానే చెల్లెలు నా వెనకే వచ్చింది.

“అందరి ముందూ అట్లా ఎందుకన్నావక్కా?”

“ఎవరూ లేనప్పుడు వేసవంతా చెప్పాను కదే,” అన్నాను.

ఆమె కుళాయి తిప్పి, కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.