రోలా వీధిలో పొగమంచు

మాస్కులు ఇంకా మూతుల మీదే ఉన్న ఆ రోజుల్లో, నాకు రాని విద్య లేదని నా గట్టి నమ్మకం. మెడలో కెమెరా తగిలించుకుని షార్జాలో రోలా వీధులన్నీ తిరుగుతూ, సోకుగా తయారైనవాళ్ళని ఆపి, అడిగి, బతిమాలి ఫొటోలు తీసేవాణ్ణి. దాన్ని స్ట్రీట్ ఫ్యాషన్ ఫొటోగ్రఫీ అంటారు (మా గదిలోవాళ్ళు 'పనిలేని పని' అనేవారు). వచ్చింది విజిట్ వీసా మీద, అదీ అయిపోవస్తోంది. అప్పుడు దొరికాడు ఒక హైదరాబాదీ బట్టల కొట్టు సేఠ్. సెలవులకి చలిదేశాలు పోయేవాళ్ళ కోసం ఉన్ని కోట్లు తెప్పించాడు. "బజార్ల నిలవెట్టి ఫొటోలు తియ్యి. నచ్చితే వీసా నేనిస్త. నచ్చకుంటే ఖలాస్, ఇంటికి పో" అన్నాడు. ఆగస్టు నెల, రోలా, ఉన్ని కోటు.

మోడల్‌ని పెట్టుకునే స్తోమత ఎక్కడిది. మా గదిలోని కడప అన్న కాళ్ళమీద పడ్డాను. లాండ్రీ వ్యాన్ నడిపేవాడు, అద్దం కనబడితే ఆగిపోయేవాడు, అందుకే అందరికీ 'హీరో'. శుక్రవారం తెల్లవారుతుండగా, వీధి దీపాలు ఆరకముందే, వ్యాన్‌లో ఏసీ ఆఖరిదాకా తిప్పి, అన్నకి ఎర్రకోటు తొడిగి కిందికి దింపాను. అంతసేపూ ఒళ్ళో చల్లగా కూర్చున్న కెమెరాని కంటికి పెట్టుకుంటే అంతా తెలుపే. ఆ ఉక్కలోకి రాగానే లెన్సుకి ఆవిరి పట్టేసింది (ఇలా అవుతుందని ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసట). చొక్కా అంచుతో మధ్యలో తుడిచాను. మళ్ళీ పట్టింది. మళ్ళీ తుడిచాను.

"రేయ్, ఉడికిపోతాండా. యల్లా, తొందరగా తీయి" అని అన్న గొణుగుతున్నాడు. సరిగ్గా అప్పుడే టీ కొట్టు మలయాళీ షట్టర్ ఎత్తుతూ, "ఠండ్ లగ్తా హై క్యా భాయ్?" అని, చలేస్తోందా అని అడిగి పకపకా నవ్వాడు. అన్నకి తల కొట్టేసినట్టయింది. కాలర్ పైకి లాగి మొహం దాచుకుని, చేతులు జేబుల్లో కుక్కుకుని, ముడుచుకుపోయి వ్యాన్ వైపు పరుగులాంటి నడక. నేను కంగారులో నొక్కుతూనే ఉన్నాను.

చూసుకుంటే ఒక్క ఫొటో తిన్నగా లేదు. "పాయె కదరా నీ వీసా" అన్నాడు అన్న, తన పరువు సంగతి మరిచిపోయి. నాకు ఏడుపొచ్చింది. ఎలాగూ కోట్లు తిరిగి ఇవ్వాలి కదా అని కొట్టుకి వెళ్ళి, చివాట్లకి సిద్ధపడి కెమెరా సేఠ్ చేతిలో పెట్టాను.

మధ్యలో నిగనిగలాడే ఎర్రకోటు, చుట్టూ పొగమంచు, అందులో మసకమసకగా దీపాలు, చలికి ముడుచుకుని ఇంటికి పరిగెడుతున్న మనిషి. సేఠ్ చాలాసేపు చూశాడు. "ఏ దేశం పొయ్యి తీసినవ్ రా?"

"రోలాలోనే సేఠ్. మన టీ కొట్టు ముందు."

"చలికి ఎట్ల వణుకుతుండో సూడు, అసల్ మోడల్ వీడు" అని మురిసిపోయాడు. ఆ ఫొటో తలుపంత ఎత్తున కొట్టు అద్దంలోకి ఎక్కింది, కోట్లన్నీ చలికాలం రాకముందే అమ్ముడుపోయాయి, నా వీసా వచ్చింది. అన్న మాత్రం రోజూ సాయంత్రం వ్యాన్ అక్కడే ఆపేవాడు.

సేఠ్ ఇప్పటికీ ఆగస్టు వస్తే "గా మంచు గావాలె" అని ఫోన్ చేస్తాడు. నేను తెలిసి తెలిసీ కెమెరాని ఏసీలో నానబెట్టి, ఆవిరి పట్టించి తీస్తాను. బాగానే వస్తాయి. కానీ అన్న కాలర్‌లో మొహం దాచుకోనంటాడు, హీరో అన్నాక మొహం కనబడాలట. ఇద్దరం నవ్వుకుంటాం. ఆ పాత ఫొటో ముందు నిలబడినప్పుడు మాత్రం, కంగారులో దాన్ని నొక్కేసిన ఆ ఏమీ తెలియని కుర్రాడంటే నాకు కాస్త అసూయగా ఉంటుంది.