కాట్పాడి రైలు

మా చిన్నప్పుడు... నెలకోసారి నాయన, అవ్వ కలిసి మా అత్తను రైలెక్కించేవాళ్ళు. నాయనకు చెల్లెలు ఆమె. ఎవరైనా అడిగితే "కొండకు పొయినారు" అని చెప్పాలని పిల్లలకు గట్టి కట్టడి.

నిజానికి వాళ్ళు వెళ్ళేది తిరుపతి వైపు కాదు, కాట్పాడి వైపు... మనసు బాగాలేనివాళ్ళకు మందిచ్చే ఆసుపత్రికి.

అంతకుముందు అత్త వంటింటి మూల గోడకేసి చూస్తూ కూర్చునేది. తల దువ్వనిచ్చేది కాదు. "బయట తెలిస్తే మన గడప ఎవురు తొక్కుతార్రా?" అనేది అవ్వ. అందుకే నాయన ముందురోజే తిరుపతికి పోయి లడ్లు తెచ్చి ఉట్టిలో దాచేవాడు... తిరిగొచ్చాక వీధిలో పంచడానికి!

కొన్నాళ్ళకు మాత్రలు పనిచేశాయి. ఒకరోజు నేను బడికి బయల్దేరుతుంటే, "రామ్మే, జడేస్తా" అంది అత్త. అమ్మ చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. పెనం మీద దోసె మాడిపోయింది.

తర్వాతి నెల సెలవుల్లో నన్నూ తీసుకెళ్ళారు. పాకాల స్టేషనులో రైలెక్కి కూర్చున్నాం. కిటికీ దగ్గరికి ఎదురింటి రాజమ్మ వచ్చింది.

"యాడికక్కా?"

"కొండకు" అంది అవ్వ, అలవాటుగా.

రాజమ్మ పకపకా నవ్వింది. "ఇది కాట్పాడి రైలు గదక్కా! ఏడుకొండలాయన ఇల్లు మారినాడా ఏంది?"

అవ్వ ముఖం పాలిపోయింది. అత్త చెయ్యి పట్టుకుని కిందికి దించేసింది. "టికెట్లు తీసినాం గదమ్మా..." అన్నాడు నాయన. వినలేదు. రైలు మమ్మల్ని వదిలి వెళ్ళిపోయింది.

మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు. మాత్రలు అయిపోయాయి. అత్త చేతిసంచి సర్దుకుని వసారాలో కూర్చునేది. "ఈ నెల పోలేదే వదినా?" అని అమ్మను అడిగేది. తర్వాత అడగడం మానేసింది... నా జడ మళ్ళీ అమ్మే వేసేది.

చాలా ఏళ్ళు అవ్వ మీద కోపం ఉండేది. ఇప్పుడు అంత తేలిగ్గా రావడం లేదు. రాజమ్మ కూడా సరదాకే అని ఉంటుందేమో... మరి ఆ ఒక్క నవ్వుకే అవ్వ అంత భయపడేలా చేసిందెవరు?

కాలం మారిందంటారు. మొన్న నా స్నేహితురాలు కూతుర్ని మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళడానికి, ఆఫీసులో పంటి నొప్పని చెప్పి సెలవు పెట్టింది. మారిందో లేదో... నాకు తెలియడం లేదు.

మా అత్త పేరు సరోజ. ఆమె పోయాక మా ఇంట్లో ఎవరూ తలవని పేరు. మీ ఇంట్లోనూ అలా సగంలో రైలు దిగాల్సి వచ్చినవాళ్ళు ఉంటే... ఒక్కసారి వాళ్ళ పేరు ఇక్కడ రాయండి.