మా మేడమ్ నా గురించి చెప్పిన మంచిమాటలు

మేడమ్ పోయిన సంగతి నాకు బెంగళూరు కంపెనీ హెచ్.ఆర్. అమ్మాయి చెప్పింది. "సార్, మీరు రిఫరెన్సుకు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాం. ఆమె చనిపోయి మూడు రోజులైందంట. వాళ్ళబ్బాయి ఎత్తారు, ఆయనే మీ గురించి అన్నీ చెప్పారు. సరిపోతుంది, ఇంకో నంబరు అక్కర్లేదు." ఒకటో తారీఖున చేరమని, ఒరిజినల్ సర్టిఫికెట్లు మర్చిపోవద్దని కూడా అదే గుక్కలో చెప్పేసింది. నేను "సరే మేడమ్" అన్నాను. ఛీ, ఆ పూట ఇంకొకరిని మేడమ్ అన్నందుకు నా నోటి మీద నాకే అసహ్యమేసింది.

మేడమ్ హిందూపురం కాలేజీలో మాకు కామర్స్ చెప్పినారు. ఫైనలియర్ పిల్లల బయోడేటాలన్నీ ఎర్ర పెన్నుతో ఆమే దిద్దేవారు. పక్కన వేయించిన శనక్కాయలు, ఒళ్ళో కాగితాలు. హాబీల దగ్గర 'పుస్తకాలు చదవడం' అని రాసినోణ్ణి నిలబెట్టి, "యా పుస్తకం రా? పేరు చెప్పు" అనేవారు. వాడు నీళ్ళు నమిలితే గీత కొట్టేసేవారు. "నువ్వు రాసిన అబద్ధం నీకంటే ముందు పోయి ఇంటర్వ్యూలో కూర్చుంటాది" అని ప్రతి బ్యాచికీ చెప్పినారు. మాకు నవ్వొచ్చేది.

నా సంగతి మొదట ఆమెకే చెప్పినాను. నాకు ఆడపిల్లల మీద మనసు పోదు మేడమ్, మగోళ్ళ మీదే పోతాది అని. శనక్కాయ ఒలుస్తాన్న చెయ్యి ఆగింది. "ఇంట్లో చెప్పినావా?" అన్నారు. లేదన్నాను. "చెప్పొద్దు. ముందు ఉద్యోగం. నీ కాళ్ళ మీద నువ్వు నిలబడినాక, ఎవురికి చెప్పినా నిన్ను ఇంట్లోంచి తరిమేవాడు ఉండడు." అంతే. మళ్ళీ నా బయోడేటాలో స్పెల్లింగులు దిద్దుకుంటూ కూర్చున్నారు. ఆ పొద్దు నేను కాలేజీ గేటు దాటి ఏడ్చినాను, సంతోషంతోనే.

పెనుకొండ దగ్గర ఒక ఫ్యాక్టరీలో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. చేరిన వారానికి మేడమే సంబరంగా ఫోన్ చేసినారు. "ఒరే, మీ ఫ్యాక్టరీవాళ్ళు ఫోన్ చేసి నీ గురించి అడిగినారు. బంగారం లాంటి పిల్లోడని చెప్పినా. ఇంకోమాట కూడా చెప్పినా. వీడు అట్లాంటోడు, పెళ్ళీగిళ్ళీ అని ఎవురూ ఎగతాళి చేయకుండా రవ్వంత చూసుకోండి సార్ అని."

నన్ను కాపాడమని చెప్పినారు మహాతల్లి! నిజం చెప్తే మనుషులు మంచిగా ఉంటారని నమ్మినారు.

మరుసటి రోజు క్యాంటీన్‌లో నేను కూర్చున్న బల్ల దగ్గర్నుంచి ఒక్కొక్కరే అన్నం తట్టలు ఎత్తుకుని లేచిపోయినారు. ఆ మర్నాడు నా కుర్చీలో గాజులు పెట్టినారు. "ఏమప్పా, మీ మేడమ్ నిన్ను మాకు అప్పజెప్పిందంట గదా, ఎవురు తీసుకోవల్ల?" అని ఒకడంటే సూపర్‌వైజరు కూడా పళ్ళికిలించినాడు. నెల తిరక్కుండానే పనిలోంచి తీసేసినట్టు కాగితం చేతికిచ్చినారు. సంస్థ వాతావరణానికి నా ప్రవర్తన సరిపడలేదంట.

హిందూపురంలో ఒక లాయరును అడిగినాను. "నేరం కాదని కోర్టు చెప్పింది నిజమే. దీనికోసమని ప్రైవేటోడు పనిలోంచి తీసేయకూడదని మీకోసం రాసిన చట్టం యాడుందప్పా? వాడు కాగితంలో ఆ ముక్క రాయనేలేదు గదా" అన్నాడు. టీ మాత్రం తాగించినాడు.

అప్పటికే మేడమ్ రిటైరై ధర్మవరంలో కొడుకు దగ్గర ఉండారు. నేరుగా పోయి వాకిట్లోనే అరిచినాను. మీ నిజం మీ దగ్గరే పెట్టుకోండి, మీరు నోరు మూసుకునింటే నేను బతికేవాణ్ణి, అన్నాను. ఇంకా అనరానివి అన్నాను. ఇప్పుడు ఈడ రాయడానికి సిగ్గేస్తాంది. ఆమె "నిజమే రా" అన్నారు, అంతే.

ఆ తర్వాత హిందూపురంలో ఇంకో ఉద్యోగానికి పెట్టుకుంటే, ఆ కంపెనీవాళ్ళు మేడమ్‌కు ఫోన్ చేసినారు. బతుకులో అబద్ధమాడని మనిషి ఏం చెప్పినారో తెలుసా? "వాడికి అక్క కూతురితో పెళ్ళి ఖాయమైంది సార్, ఇంక యాడికీ పోడు." నాకు అక్కే లేదు! ఉద్యోగం వచ్చింది. నాలుగేండ్లు చేసినాను. మా మేనేజరు పెళ్ళెప్పుడని అడిగినప్పుడల్లా మేడమ్ నాకు కొత్త సాకు అందించేవారు. ఒక ఏడు ఆ పిల్లకు పచ్చకామెర్లు తెప్పించినారు. ఇంకో ఏడు బి.ఎడ్.లో చేర్పించినారు. ఫోన్‌లో ఇద్దరమూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. ఫోన్ పెట్టేసినాక, ఏ ఏడు ఏం చెప్పినానో మర్చిపోకుండా డైరీలో రాసుకునేవాణ్ణి.

బెంగళూరు కంపెనీ పాలసీలో మాలాంటివాళ్ళను వేరుగా చూడకూడదని రాసి ఉండాది. ఒక్కసారైనా దాచకుండా చేరదామనిపించింది. మేడమ్‌కు ఫోన్ చేసి, ఈసారి ఉన్నదున్నట్టు చెప్పండి అన్నాను. "చెప్పల్లా?" అన్నారు. చెప్పండి అన్నాను. "సరే రా. నాకూ నోరు కడుక్కున్నట్టుంటాది." ఆమెతో అదే ఆఖరి మాట.

పెద్దదినం అయిన మరుసటి రోజు ధర్మవరం పోయినాను. వాళ్ళబ్బాయి నా చేతులు పట్టుకున్నాడు. "నీ కంపెనీ వాళ్ళు ఫోన్ చేస్తే ఏడుస్తానే చెప్పినాలే అప్పా. మా అమ్మ ఎప్పుడూ చెప్పేదే చెప్పినా. అక్క కూతుర్ని చేసుకుంటాండాడు, ఒక్క చెడ్డ అలవాటు లేదని. రాసుకున్నారు." మేడమ్ ఇంట్లోవాళ్ళు కూడా అదే నమ్మినారని నాకు అప్పుడు తెలిసింది. "కాదన్నా, అది అబద్ధం" అనాల్సింది. తల్లిని పోగొట్టుకున్న ఆ మొహం చూసి, "మంచిపని చేసినావన్నా" అనేసినాను.

కోడలు లోపలినుంచి అట్టపెట్టె తెచ్చింది. "అత్త మగ్గం వాళ్ళకు చెప్పి నేయించింది అన్నా, నీ పెళ్ళికూతురికి. జాకెట్టు కుట్టించుకోమని చెప్పు."

చిలకపచ్చ పట్టుచీర, చెయ్యెడల్పు జరీ అంచు. ఇంట్లోవాళ్ళు నమ్మాలని నేయించినారో, నేను మారతానని లోపల్లోపల ఆశపడినారో నాకు తెలీదు. అడగడానికి మనిషి లేదు. మేడమ్, మీ మీద కోపమూ పోలేదు, మీరు లేకపోతే నాకు ఎవురున్నారనే ఏడుపూ ఆగలేదు.

బస్సులో పెట్టె మూత సరిగ్గా పడలేదు. పక్క సీటు పెద్దామె తొంగిచూసింది.

"బాగుండాది. పెళ్ళా నాయనా?"

"ఊ, నాదే."

"పిల్ల రంగేమి?"

"చామనఛాయ" అన్నాను.

"అయితే ఒప్పుతాది లే" అని ఆమె అంచు మడత విప్పి, పెనుకొండ వచ్చేదాకా వేళ్ళతో జరీ నిమురుతానే కూర్చుంది.