సౌండు తీసేసిన టీవీ

పూతలపట్టుకు నాలుగు మైళ్ల దూరంలో ఒక ధర్మరాజుల గుడి ఉంది. ఏటా వేసవిలో అక్కడ పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. 1986లో ఆ పద్దెనిమిది మధ్యాహ్నాలూ కథ చెప్పింది నిర్మలమ్మ. టేపులో పట్టింది దామోదరం.

అతను రేడియో మెకానిక్కు. మైకు ఆమె నోటి ముందు పెట్టమన్నారు అందరూ. అతను మూరెడు కిందికి దించి, ఆమె కుడిచేతి చిడతలకేసి తిప్పి పెట్టాడు. గొంతు ఎలాగూ వస్తుంది, చిడతల అంచు మీది సన్నటి మోత రావాలి అన్నాడు. వచ్చింది.

పదేళ్లకు గొంతులో పుండు లేచి, ఆపరేషన్ అయ్యాక నిర్మలమ్మకు మాట పోయింది. ఆమె గొంతంటే ఇక దామోదరం ఇంట్లో రేకుపెట్టెలోని ముప్పై ఆరు క్యాసెట్లే. ఎదురైనప్పుడల్లా ఆమె చేతులతో పెట్టె ఆకారం చూపించి కళ్లెగరేసేది.

"భద్రంగా ఉండాదమ్మా. గీత గూడా పడలా" అనేవాడు.

ఆ మాట అతనికి ఆస్తి.

2003లో కథ చెప్పేవాళ్లు కుదరలేదు. నిర్మలమ్మ పాత కథనే సీడీల్లోకి ఎక్కించి పెడదామన్నాడు గుడి పెద్ద ఓబయ్య. తిరుపతి బస్టాండు వెనక ధర్మేంద్రకు కంప్యూటరు అంగడి ఉంది. దామోదరం దగ్గర ఆరేళ్లు పని నేర్చినవాడు. మామా అని పిలుస్తాడు. మార్చి నెలలో దామోదరం పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లి అతనికిచ్చి వచ్చాడు.

మేలో మొదటిరోజు కథ పెట్టారు. గుడి అరుగు మీద కంప్యూటరు, వేపచెట్టుకు రెండు హారన్లు. నిర్మలమ్మ ముందు వరసలో కూర్చుంది. హారన్లలోంచి ఆమె గొంతు వచ్చింది. గొంతుతోపాటు ఒక ఈల వచ్చింది. పాటకూ లొంగదు, మాటకూ ఆగదు. చిడతలు పగిలిన పలకల్లా టకటకమన్నాయి.

ఓబయ్య వెనక్కి తిరిగాడు. "ఏమప్పా దామోదరం, పదిహేడేండ్లు పెట్టెలో దాసినావే, నువ్వు పట్టింది నిర్మలమ్మ కథనా, పాము బుసనా?"

జనం నవ్వారు. దామోదరం ధర్మేంద్ర వైపు చూశాడు.

"టేపులోనే ఉండాది పెద్దాయనా" అన్నాడు ధర్మేంద్ర. "అప్పటి మిషన్లు అంతే. మామను ఏమీ అనద్దండి."

నిర్మలమ్మ వెనక్కి తిరిగి దామోదరాన్ని చూసింది. ఈసారి చేతులతో పెట్టె చూపించలేదు.

మరుసటిరోజు పొద్దున్నే అతను తిరుపతి బస్సెక్కాడు.

అంగట్లో టీవీ నడుస్తోంది, బొమ్మ మాత్రమే. దాని పక్కనే టేపురికార్డరు, దాని వైరు కంప్యూటర్లోకి. దామోదరం ఒక క్యాసెట్ పెట్టి, హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని విన్నాడు. శుభ్రంగా ఉంది. కంప్యూటర్లోకి ఎక్కించి విన్నాడు. ఈల. టీవీ స్విచ్చి ఆపేసి మళ్లీ ఎక్కించాడు. ఈల లేదు.

"సౌండు తీసేసింటి గదా మామా" అన్నాడు ధర్మేంద్ర.

"సౌండు తీస్తే మనుషుల మాటలు పోతాయిరా. టీవీ కూత యాడికి పోతాది? బొమ్మ ఉన్నంతసేపూ లోపలి మిషను సన్నగా కూస్తానే ఉంటాది, పక్కనుండే వైర్లోకి దూరతాది. నా చెవులు ముసలివి, నాకు అందదు. నీకు అందుతాది."

ధర్మేంద్ర స్టూలు తెచ్చి వేశాడు.

"శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు సూడమని పెట్టినావు కంప్యూటర్ని?"

"ఇరవై రెండువేలు. నలభై నాలుగు పెడితే రోజు కథ ఒక సీడీలో పట్టదు."

దామోదరం స్టూలు మీద కూర్చున్నాడు. "మా నాయన చెరకు గానుగ కాడ కూచోని కండ్లు మూసుకునేవాణ్ని. ఎద్దు ముక్కాలు సుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి తెరిచేది. అట్ల సూస్తే ఎద్దు పావు సుట్టు వెనక్కి నడిచినట్టే ఉంటాది. ఎద్దు తప్పు గాదు. సూసేది తక్కువైంది. టీవీ కూత సెకనుకు పదిహేనువేల పైన. ఇరవై రెండువేల సార్లు సూసేదానికి అది ఆరువేలుగా కనపడింది. వచ్చి గొంతు నడిమధ్యలో కూచున్నింది. ఇప్పుడు దాన్ని కోస్తే గొంతు గూడా తెగుతాది. నలభై నాలుగు పెట్టింటే కూత పైన్నే ఉండిపోయేది. హారన్లకు అందేదే గాదు."

ధర్మేంద్ర తల దించుకున్నాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"రెండోరోజు టేపుకే మామా. వరల్డ్ కప్పు జరుగుతా ఉండె. టీవీ ఎట్ల ఆపేది? కప్పు అయ్యేలోపల అన్నీ ఎక్కించేస్తి. మళ్లీ మొదలు పెట్టాలంటే అన్ని టేపులూ మొత్తం నడిపించాల."

"నిన్న గుడికాడ తెలిసే అన్నావా?"

"అంతమందిలో నోటికొచ్చేసింది. రేపు మైకులో నేనే చెప్తా. నీ మీద ఒట్టు."

దామోదరం నమ్మాడు. ఆరేళ్లు తన పక్కన కూర్చుని చెవి పెట్టడం నేర్చినవాడు. ఇద్దరూ టీవీ ఆపి, నలభై నాలుగు వేలు పెట్టి, మూడోరోజు కథ రెండు సీడీల్లోకి ఎక్కించారు. వైరు ఎక్కడ పోవాలో, టేపు ఎంత మోతకు పెట్టాలో దామోదరమే చూపించాడు.

మూడోరోజు మధ్యాహ్నం ధర్మేంద్ర మైకు తీసుకున్నాడు.

"మామ టేపుల్లో పాతకాలం ఈల ఒకటి ఉండె. ఈ రెండుదినాలు కూచోని కంప్యూటర్లో దాన్ని తీసేసినాను. అమ్మగొంతు ఇప్పుడు వినండి."

దామోదరం లేచాడు. నోరు తెరిచాడు. అప్పటికే చిడతలు మోగాయి, వాటి అంచు మీది సన్నటి మోతతో సహా. ఆ వెనకే నిర్మలమ్మ గొంతు, గాలి శుభ్రమైనట్టు. మాట్లాడాలంటే ఆ గొంతును ఆపాలి. ముందు వరసలో ఆమె కళ్లు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. అతను కూర్చున్నాడు.

బకాసుర వధ మూడుగంటలు నడిచింది. మంగళం అయ్యాక జనం ధర్మేంద్ర చుట్టూ చేరారు. "సచ్చిన గొంతును లేపినావు కదప్పా" అన్నాడు ఓబయ్య.

నిర్మలమ్మ లేచి సంచిలోంచి గుడ్డమూట తీసింది. ముడి విప్పింది. మాట పోయిన ఈ ఏడేళ్లూ ఎవరినీ తాకనివ్వని చిడతలు. వాటిని ధర్మేంద్ర చేతిలో పెట్టి, రెండు చేతులతో అతని వేళ్లు మూసింది.

ధర్మేంద్ర కళ్లెత్తి జనం మీదుగా దామోదరాన్ని చూశాడు. చూపు దించుకున్నాడు. చిడతలు మాత్రం తిరిగి ఇవ్వలేదు. పట్టుకోవడం రాక ఒకసారి తగిలించాడు. మోగాయి.

ఆ మోతకు దామోదరం అలవాటుగా ధర్మేంద్ర నోటికి మూరెడు కిందికి, కాస్త పక్కకు చూశాడు. అక్కడ మైకు లేదు.