చల్లటి చక్రం

పాడైన లారీలను లాక్కొచ్చే బండి నడిపే ఆవిడను షెడ్డులో అందరూ పెద్దక్క అంటారు. కొండ దిగిన ప్రతిసారీ ఆమె బండి ఆపి చక్రం మీద చెయ్యి పెట్టి చూస్తుంది. చల్లగా ఉంటేనే టీ. కాలిబ్రేకు అదేపనిగా తొక్కితే కాగిపోయి, సరిగ్గా మలుపులో చేతులెత్తేస్తుందని ఆమెకు తెలుసు. అందుకే దిగేటప్పుడు మీట నొక్కుతుంది. పొగగొట్టంలో మూత పడుతుంది, బయటికి పోలేని పొగ ఇంజన్ను అదిమిపెడుతుంది, ఇంజనే చక్రాలను పట్టి ఆపుతుంది.

ఒకరోజు పక్కన షెడ్డు యజమాని కూర్చున్నాడు. వెనక సిమెంటు లారీ కట్టి ఉంది. మీట నొక్కి కొండ దిగుతుంటే బండి బొంయ్‌మని మూలుగుతోంది.

"ఏంటక్కా ఈ నత్తనడక? ఆ గోల ఆపి, గేరు తీసి వదిలెయ్. లేదంటే రేపట్నుంచి తాళాలు ఇంకొకడికిస్తా."

"రేపు ఇద్దువుగానిలే. ఇవాళ్టికి నీ ప్రాణం కూడా నా చేతిలోనే ఉంది. నోర్మూసుకుని కూర్చో."

వెనక హారన్లు చెవులకు చిల్లులు పొడుస్తున్నా ఆమె మీట వదల్లేదు. కింద బండి ఆపి, "చెయ్యి పెట్టు" అంది. అతను భయంభయంగా పెట్టాడు. కాలలేదు. పెద్దక్క తాళాలున్న చెయ్యి చాచింది.

"ఇదిగో. ఇంకొకడికిచ్చేముందు, వాడు కొండ దింపిన బండి చక్రం మీద కూడా చెయ్యి పెట్టి చూడు."

అతను తాళాలు అందుకోలేదు. పెద్దక్క టీ చెప్పింది, తనొక్కదానికే.